ముడుపు కాసు మీద గీత

రాగి కాసుకు రంగు ఎక్కించడం నాకు చేతకాదని కాదు. బాగా చేతనవును. హోసూరులో ఒక ఫ్యాక్టరీలో ప్లేటింగు సెక్షన్లో పని చేసినాను. ఇనుముకు జింకు పూత, నికెలు పూత, అడిగితే రాగి పూత. ఏ మందులో ముంచితే రాగి నీలమవుతుందో, ఇంకొంచెం సేపు ఉంచితే ఎట్ల నల్లబడుతుందో కండ్లు మూసుకొని చెప్తాను. ఆ చేతనవడమే నా కొంప ముంచింది. జన్మలో ఒక్క కాసుకు నేను రంగు వేసింది లేదు. అయినా ఈపొద్దుకీ ఈ ఊర్లో పాత కాసులు దాచేవాళ్లను అడిగి చూడండి, నా పేరు చెప్పరు. 'ఆ రంగులాయనా?' అంటారు.

తొంబైల మొదట్లో ఆదివారం పొద్దున హోసూరు బస్టాండు పక్కన ఒక టీ అంగడి మిద్దె మీద కాసుల పిచ్చోళ్లం కూడేవాళ్లం. పిచ్చోళ్లనేది మా ఇండ్లల్లో ఆడోళ్లు పెట్టిన పేరు, దాన్ని కాదనేదానికి లేదు. జూజువాడిలో లారీ ఆఫీసు పెట్టుకున్నోళ్లు, బ్యాంకోళ్లు, నా మాదిరి షిఫ్టు దిగి నిద్ర కండ్లతో వచ్చేవాళ్లు, అందరమూ ఉండినాము. మాకు పెద్ద, పోస్టాఫీసులో రిటైరైన ఒకాయన. పెద్దాయన అనే అందాము. కాసు చూడడం నాకు నేర్పింది ఆయనే. మిద్దె మీద చాలక ఆదివారం మధ్యాహ్నం వాళ్లింటికి కూడా పోయి కూర్చునేవాణ్ణి. ఆయన రాగివన్నీ ఒక్కొక్కటే నా చేతికిచ్చి, గ్రేడు చెప్పమనేవాడు. తప్పు చెప్తే నవ్వేవాడు కాదు, గమ్మున ఇంకోసారి చూడమనేవాడు.

చూడడమంటే ఊరికే కాదు. కొత్త రాగి ఎర్రగా ఉంటుంది. ఏండ్లు పోయేకొద్దీ ఆ ఎరుపు తగ్గి గోధుమ రంగు దిగుతుంది. ఎరుపు ఎంత మిగిలితే అంత విలువ. అయితే మొదట చూడాల్సింది రంగు కాదు, అరుగుదల. రాణి బొమ్మ కాలణా అయితే కిరీటం మీది ముత్యాలు, చెవి పైన జుట్టు, గౌను మీద పూలు, ఇవి ముందుగా అరుగుతాయి. అవి నున్నగా పోయినాయంటే రంగు ఎంత బాగున్నా అది నాలుగు చేతులు మారిన కాసే. ఆనక అంచులు పట్టుకొని పొద్దుటి ఎండకు వంచాలి. రంగు కింద మెరుపు ఉండాలి, కాసు తిప్పితే ఆ మెరుపు కూడా తిరగాలి. దానంతటది దిగిన రంగు వరస తప్పదు. పసుపు, రోజా, ఊదా, నీలం, ఒకటి ఇంకోదాంట్లో కరిగిపోతా పోతుంది. అక్షరాల చాటున రంగు కొంచెం వెనకబడి ఉంటుంది. ఎవరో తెప్పించిన రంగుకు ఈ ఓపిక ఉండదు. వేడి పెట్టినదైతే అంతా ఒకటే ఊదా, మెరుపు చచ్చిపోయి ఉంటుంది. మందులో ముంచినదైతే రంగంతా పోయి అక్షరాల పక్క గుంటల్లో కూర్చుంటుంది.

నాకు నోటి దురుసు ఉంది, ఉందనే చెప్తాను. ఒకసారి మాలోనే ఉండే కిరాణా అంగడాయన ఆకాశం మాదిరి నీలంగా ఉండే కాసులు కొన్ని తెచ్చి బల్ల మీద పరిచినాడు. అందరూ ఆహా అన్నారు. నేను ఎండకు వంచి చూసి, 'ఇవి వేడి ఇసకలో వేయించినవన్నా, అప్పడాలు కాల్చినట్టు కాల్చినారు' అన్నాను. అందరూ నవ్వినారు. ఆయన నవ్వలేదు. దాచుకుంటా దాచుకుంటా, 'నీకు తెలవకుండా ఉంటుందా, ప్లేటింగోడివి కదా' అన్నాడు. ఆ మాటకు అప్పుడు నేను పొంగిపోయినాను. నన్ను మెచ్చుకుంటున్నాడనుకున్నాను.

కొన్నేండ్లకు కృష్ణగిరిలో ఒక కల్యాణ మండపం తీసుకొని కాసుల ప్రదర్శన పెట్టాలని అనుకున్నాము. జనం ఇండ్లల్లో ఉండే కాసులు తెస్తారు, వెండికి ఒక బల్ల, రాగికి ఒక బల్ల. ఆ బల్ల మీద కూర్చునేవాడు గ్రేడు చెప్పాల, ధర ఎంత పలుకుతుందో చెప్పాల. రాగి బల్ల మీద కూర్చోవాలని నాకు ఎంత ఆశో. దాపరికమేముంది, దానికోసం కాచుకొని ఉండినాను. పగలంతా ట్యాంకుల పొగ పీల్చి, సూపర్‌వైజరుతో తిట్లు తిని వచ్చేవాణ్ణి, ఒక్క దినమన్నా నా కండ్లకు విలువుందని నలుగురి ముందర అనిపించుకోవాలని ఉండింది. పెద్దాయన కూడా నా పేరే చెప్పినాడు.

కానీ మాలో ఒక పద్ధతి ఉండింది. ఒకరి కాసులకు గ్రేడు చెప్పాలంటే ముందు తన కాసు ఒకటి అందరి ముందర పెట్టాల. అందరూ చూసి ఒప్పుకుంటేనే ఆ కుర్చీ. నేను మా ముడుపు కాసు పెట్టినాను.

దాని సంగతి చెప్పాల. మాది వేప్పనపల్లి పక్క పల్లె, కుప్పం పోయే దోవలో. మా తాత పసివాడుగా ఉన్నప్పుడు ఒంటిమీద అమ్మవారు పోసిందంట. వాళ్లమ్మ తిరుపతి స్వామికి మొక్కుకొని, అప్పుడే కొత్తగా వచ్చిన రాణి బొమ్మ కాలణాలు రెండు పసుపు గుడ్డలో ముడుపు కట్టి, దేవుని మూలలో దూలానికి వేలాడేసింది. ఇంటిల్లిపాదీ కలిసి పోయినప్పుడే ముడుపు చెల్లించాలని మా ఇంట్లో కట్టడి. ఎప్పుడూ ఎవరో ఒకరికి పొలం పనో, పురుడో. మా నాయన ముసలోడైనాక గాని కుదరలేదు. అప్పటికి కాలణాలు చెల్లవు. చెల్లని కాసు స్వామికి ఎట్ల వేసేదని ఆ కాలపు నోట్లు హుండీలో వేసి, పాత కాసులు అదే గుడ్డలో అట్లే చుట్టి మళ్లా దూలానికే కట్టేసినారు.

నాయన పోయినాక అన్నకూ నాకూ భాగాలు పంచుకునే దినం ఆ గుడ్డ నేను విప్పినాను. రెండు కాసులూ ఒకదాని మీద ఒకటి సగం ఎక్కి అట్లే పడుకొని ఉండినాయి. గుడ్డ తగిలిన పక్క రోజా, ఊదా, నీలం వరసగా దిగి ఉండింది. ఒకదాన్నొకటి కప్పుకున్న చోట మాత్రం నిన్న టంకశాల నుంచి వచ్చినట్టు ఎర్రగా ఉండినాయి. రంగుకూ ఎరుపుకూ నడుమ విల్లు మాదిరి సన్నని గీత. ఇది దాని అంచు, అది దీని అంచు. కిరీటం మీద ఒక్క ముత్యం కూడా అరగలేదు. అన్నకు అదంతా పట్టలేదు. 'చెరొకటి తీసుకుందాంలే' అన్నాడు. సరేనన్నాను.

ఆదివారం మిద్దె మీద నా కాసు చేతులు మారింది. అందరూ చూస్తా ఉండినారు. కిరాణా ఆయన దాన్ని పట్టుకొని ఎంతో సేపు తిప్పినాడు. అప్పుడు మెల్లిగా అన్నాడు, 'రంగు బాగుంది. ఈ గీత ఏమప్పా ఇంత చక్కగా ఉంది? పూత పడకూడని చోట మీరు టేపు అంటించి ముంచుతారు కదా ట్యాంకులో?'

అంటిస్తాము. నిజమే. పూత పడకూడని చోట టేపు అంటించి ముంచితే, టేపు పీకినాక అచ్చం అట్లాంటి గీతే వస్తుంది. కాసు నా చేతికి ఎట్ల వచ్చిందో, ముడుపు, తాత, అమ్మవారు, అంతా చెప్పినాను. చెప్పేకొద్దీ నాకే అది కట్టుకథ మాదిరి వినిపించింది. 'రెండో కాసుంది మా అన్న కాడ. రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను, గీతకు గీత సరిపోతుంది, టేపుతో అట్ల వచ్చేదానికి లేదు' అన్నాను. 'తెచ్చి చూపించప్పా, ప్రదర్శన దినానికి తెచ్చినా చాలు' అన్నాడు పెద్దాయన.

మరుసటి వారమే బస్సెక్కి ఊరికి పోయినాను. అన్న కొత్త ఇల్లు కడతా ఉండినాడు, పునాది లేచి ఉండింది. నేను సంగతి చెప్పి, కాసు ఒక్కసారి ఇస్తే చూపించి మళ్లా తెచ్చిస్తానన్నాను. వదిన నీళ్ల చెంబు నా చేతికిచ్చి, 'ఇన్నేండ్లు లేంది ఇప్పుడేమొచ్చిందప్పా దానికి?' అని అడిగింది. 'విలువైనదా?' అని అడిగినాడు అన్న. అబద్ధం చెప్పేది నాకు రాదు. రెండూ కలిసి ఉంటే మంచి పాడి ఆవు ధర పలుకుతాయని చెప్పినాను. అన్న వదిన మొహం చూసినాడు, వదిన అన్న మొహం చూసింది.

'నువ్వేల మోసుకొని పోయేది. ప్రదర్శన దినం నేనే తెస్తాను, నా చేత్తోనే బల్ల మీద పెడతాను' అన్నాడు అన్న. నన్ను నమ్మలేదని తెలిసిపోయింది. కడుపు మండినా మింగినాను, కాసు వస్తే చాలనుకున్నాను. అప్పుడు జాగ్రత్తలన్నీ చెప్పినాను. కడగద్దు. తుడవద్దు. చేత్తో తాకద్దు. గాలి ఆడే చోట పెట్టద్దు. ఎవరికీ చూపించద్దు. అన్న ఒక్కొక్కదానికీ తల ఊపినాడు. మర్చిపోకుండా నాకు మళ్లా అప్పజెప్పినాడు కూడా.

ప్రదర్శన దినం మండపం వాకిట్లో నిలబడి అన్నకోసం చూస్తా ఉండినాను. లోపల బల్లలు వేసినారు, రాగి బల్ల వెనక కుర్చీ ఖాళీగా పెట్టినారు. అన్న బస్సు దిగి తెల్ల చొక్కాలో నవ్వుతా వచ్చినాడు. చేతులు ఊపుకుంటా వచ్చినాడు.

'కాసు యాడన్నా?'

'భద్రంగా ఉందప్పా. మొన్న వాకిలి నిలబెట్టినాము కదా, నీకు లీవు దొరకలేదంటివి. గడప కింద నవధాన్యాలు, వెండి బిళ్ల వేస్తా ఉంటే నీ మాట గుర్తొచ్చింది. మన ముడుపు కాసు కూడా గుడ్డలో చుట్టి దాంట్లోనే పెట్టేసినాను. పైన రాయి, రాయి మీద సిమెంటు. గాలి తగలదు, చెయ్యి తగలదు, ఎవరి కండ్లా పడదు. నువ్వు చెప్పినట్టే.'

నాకు కోపం రాలేదు, అదే విచిత్రం. అంత విలువైనది ఇంటి నుంచి బయటికి పోకూడదని, గడప కింద ఉంటే ఇంటికి మంచిదని వాళ్లిద్దరూ అనుకున్నారు. వదిన చెప్పిందో, అన్నే అనుకున్నాడో, నేను అడగలేదు. నిలబెట్టిన గడప తవ్వమని ఏ నోటితో అడిగేది? అడిగితే నన్నే ఇంటికి కీడు కోరేవాడంటారు.

'మరి ఏల వచ్చినావన్నా?' అన్నాను.

'నువ్వు ఆ కుర్చీలో కూర్చునేది చూద్దామని' అన్నాడు.

లోపలికి తీసుకొని పోయినాను, ఇంకేం చేసేది. అన్నే అందరి ముందర నిలబడి, 'అది మా ముడుపు కాసేనప్పా, నేను చూసినాను, దీని జత మా గడప కింద ఉంది' అని చెప్పినాడు. పాపం, చేతులు జోడించి చెప్పినాడు. కిరాణా ఆయన, 'తమ్ముడికి అన్న సాక్షి, కాసుకు గడప సాక్షి' అన్నాడు. నవ్వులు లేచినాయి. ఆ నవ్వుల్లో అన్న కూడా నవ్వినాడు, తనను చూసి నవ్వుతున్నారని తెలవక. ఆ నవ్వు నేను మర్చిపోలేదు.

కడాకు కాసును పెద్దాయన చేతిలో పెట్టినారు. ఆయన భూతద్దం తీసినాడు. కిటికీ కాడికి పోయి ఎండకు వంచినాడు. తిప్పినాడు. ఆ ముత్యాల మీద, ఆ గీత మీద ఆయన కన్ను ఎంత సేపు నిలబడిందో నేను చూసినాను. ఆయనకు తెలుస్తుంది, తెలవకపోయేదానికి లేదు, ఎండలో మెరుపు తిరిగేది ఆయన చేతుల్లోనే నేను నేర్చుకున్నాను. ఆయన వచ్చి కాసు బల్ల మీద పెట్టినాడు.

'చెప్పలేను' అన్నాడు.

అంతే. ఔననలేదు, కాదనలేదు. చెప్పలేనంట. రాగి బల్ల కుర్చీలో కిరాణా ఆయన కూర్చున్నాడు. పొద్దు వాలే దాకా జనం వరసలో నిలబడి వాళ్ల ఇంటి కాసులు చూపించుకున్నారు. అరిగిన దాన్ని కొత్తదనీ, కాల్చిన దాన్ని సహజమనీ ఆయన చెప్తా ఉంటే రెండు వరసల అవతల నిలబడి విన్నాను. ఒకాయన నా దగ్గరికొచ్చి, రంగు వేసిన కాసుగా ఇస్తే తీసుకుంటానని, అరిగిన కాసు ధర చెప్పినాడు. పళ్లు రాలతాయన్నాను. అన్నను బస్సెక్కించి, నేను హోసూరు బస్సెక్కినాను.

ఆ మిద్దె మళ్లా ఎక్కలేదు. పెద్దాయన ఇంటికీ పోలేదు. ఫ్యాక్టరీలో కూడా ఎవరో మోసుకొచ్చి చెప్పినారు, క్యాంటీనులో చిల్లర కాసులు నా పళ్లెంలో వేసి 'దీన్ని కూడా ముంచి పెట్టప్పా' అని ఎకసెక్కాలు. నవ్వుతా ఊరుకున్నాను. ఏం చేసేది, ఒకరిద్దరైతే పోట్లాడొచ్చు.

రెండువేలు దాటి కొన్నేండ్లకు పెద్దాయన మంచాన పడినాడని తెలిసింది. పోకూడదనే అనుకున్నాను. మనసు ఊరుకోలేదు, ఒక డజను అరటిపండ్లు తీసుకొని పోయినాను. కోడలు తలుపు తీసి లోపలికి రమ్మని, వంటింట్లోకి పోయింది. ఆయన గోడకు ఆనుకొని కూర్చొని ఉండినాడు. కాసుల అల్మరా ఉండే చోట ఇప్పుడు మందుల బల్ల ఉండింది. యోగక్షేమాలు అయినాక ఆయనే ఎత్తినాడు.

'ఆ కాసు ఉందా?'

'ఉంది సార్.'

'దాని రంగు దానిదే. నాకు కిటికీ కాడనే తెలుసు. మెరుపు తిరిగింది. నా జన్మలో అంత మంచి రాగి నేను చూడలేదు.'

ఇన్నేండ్లు ఆ మాట కోసం నేను ఎట్ల పడి చచ్చినానో ఆయనకు ఏం తెలుసు. 'మరి ఏల చెప్పలేదు సార్?' అని అడిగినాను.

ఆయన దుప్పటి అంచు సరిచేసుకున్నాడు. 'అప్పుడు నావన్నీ అమ్మే పనిలో ఉండినానప్పా. ప్రతి ఆదివారం నువ్వు ఈడికి వస్తా పోతా ఉంటివి. నా రాగివన్నీ నీ చేతుల్లో తిరిగినవే. నీది నిజమని నేనొక్కణ్ణి నిలబడుంటే, నావి కూడా నువ్వే ముంచి ఇచ్చినావనేవాళ్లు. ఒక్కటి కూడా అమ్ముడు పోయుండదు.'

'పోయినాయా?'

'పోయినాయి. బెంగళూరు వాళ్లు ఇంటికే వచ్చినారు. రాగివాటికి నువ్వు చెప్పిన గ్రేడులే చెప్పినాను. ఒక్కదానికీ ఎవరూ అడ్డం చెప్పలేదు.'

ఈ మాట ఆయన నన్ను సంతోషపెట్టేదానికే చెప్పినాడు, మొహం చూస్తే తెలుస్తుంది. నాకు మాత్రం ఒకటే తోచింది. ఈ ఇంట్లో ఇంకో మనిషి ఉంది. ఒక్క మనిషైనా చాలు, వింటే చాలు. వంటింటి పక్క తిరిగి, 'అమ్మా, ఒక్క నిమిషం ఇట్ల రామ్మా' అని పిలిచినాను. కోడలు చేతులు తుడుచుకుంటా వచ్చి గుమ్మంలో నిలబడింది.

'సార్, ఇప్పుడు చెప్పింది ఇంకోసారి చెప్పండి' అన్నాను.

పెద్దాయన నన్ను చూసినాడు. కోడలిని చూసినాడు.

'ఏమీ లేదమ్మా' అన్నాడు. 'ఆయనకు కాఫీ కావాలంట.'

ఆమె పోయి కాఫీ కలుపుకొని వచ్చి నా చేతికిచ్చింది. ఆయన ఎదురుగా కూర్చొని మొత్తం తాగినాను.